లైనుకీ లైనుకీ మధ్య జ్ఞానమ్మ

మార్కాపురంలో ‘తొలిచినుకు’ అని ఒక కవితా వేదిక ఉంది. వాన సరిగ్గా పడని ప్రాంతం కాబట్టి ఇక్కడ కవితా వేదికలకు పేర్లన్నీ వాన మీదే పెడతారు. అందులో పద్దెనిమిది మంది కవులు. కవితలో లైను ఎక్కడ విరవాలో మీలో ఎంతమందికి తెలుసని అడిగితే పద్దెనిమిది మందీ చెయ్యెత్తుతారు. మీ పక్కాయనకు తెలుసా అని అడిగితే ఒక్క చెయ్యీ లేవదు. నిజంగా తెలిసిన మనిషి బేస్తవారిపేట అవతల ఒక పల్లెలో ఉంది. పేరు జ్ఞానమ్మ, వయసు అరవై నాలుగు. మిరప తోటలో కలుపు, శనగ చేలో కోత, ఏది దొరికితే ఆ కూలికి పోతుంది. అక్షరం ముక్క రాదు. తెలివితేటలు పంచేటప్పుడు దేవుడు వేదికల సభ్యత్వ జాబితా చూసుకోలేదని అనుకోవాలి.

ఆ పల్లె చర్చిలో జ్ఞానమ్మ నలభై ఏళ్లుగా పాట అందిస్తోంది. అందించడమంటే పాడటం కాదు. చదువు రానివాళ్లతో నిండిన సంఘానికి పాటల పుస్తకాలు పంచితే ఎండాకాలం విసురుకోవడానికి పనికొస్తాయి గాని ఇంకెందుకూ కాదు. అందుకని ఒకరు ముందు నిలబడి లైనును మాటగా చెబుతారు. సంఘమంతా దాన్ని రాగంలో పాడుతుంది. తర్వాత ఇంకో లైను. పని చిన్నదిగానే కనిపిస్తుంది. జ్ఞానమ్మకు ముందు ఈ పని చేసిన పెద్దాయనకూ అలాగే కనిపించింది. ఆయన చరణం మొత్తం ఒక్క దమ్మున చెప్పేసి ‘ఇంక కానీయండి’ అనేవాడు. సంఘం మొదటి రెండు మాటలూ చివరి మాటా పాడి, మధ్యలో ఏముందో దేవుడికి తెలుసులే అని వదిలేసేది.

జ్ఞానమ్మ ఈ విద్య నేర్చింది చేలో. త్రిపురాంతకం పక్క నుంచి పదహారేళ్లకు కాపురానికొచ్చి, అత్తతో కలుపుకు పోయినప్పుడు, ఈ సాలు వాళ్లు ఒక మాట అంటే ఆ సాలు వాళ్లు అందుకునేవాళ్లు. మాట పొడుగైతే గాలికి సగం పోయేది. పొట్టిదైతే అవతలివాళ్లు అందుకునేలోపే అయిపోయేది. వంగిన నడుముకు ఎంత ఊపిరి ఆడుతుందో అంతే మాట ఇవ్వాలి. భర్త పోయినా, ఇద్దరు కూతుళ్లకు పెళ్లిళ్లు చేసి పంపినా, ఆ లెక్క ఆమెను వదలలేదు.

ఆమెకు గొంతు లేదు. ఉన్న గొంతు తవుడు పట్టినట్టుంటుంది. ఆ లోటు చేత్తో తీర్చుకుంది. కుడి అరచెయ్యి తెరిచి పైకి పట్టుకుందంటే లైను ఇంకా నడుస్తోంది, ఎవరూ వదలొద్దని అర్థం. పిడికిలి మూసిందంటే అయిపోయింది. చూపుడు వేలు కొంచెం వంచిందంటే అక్కడ చిన్న ఊపిరి తీసుకోవచ్చు. బళ్లో పంతుళ్లు ఏడాది పొడుగునా చెప్పి పరీక్షల్లో సున్నాలు వేసే విరామ చిహ్నాలు ఆమె సంఘం మొత్తానికి ఒక్క చెయ్యితో నేర్పింది.

అయితే ఆ చర్చి పాటల్లో ఒక వింత ఉంది. సంఘం లైను పూర్తి చేశాక కూడా జ్ఞానమ్మ అరచెయ్యి మూయదు. ఇంకో రెండు మూడు క్షణాలు అలాగే ఉంచుతుంది. అందరూ నోళ్లు మూసుకుని కూర్చుంటారు. అప్పుడు పిడికిలి మూసి తర్వాతి లైను ఇస్తుంది. పామూరు నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు ఇది చూసి, ‘మీ సంఘం పాట పాసింజరు రైలు మాదిరి ప్రతి చోటా ఆగుతుంది’ అని నవ్వాడు. సంఘ కాపరి గిద్యోను అయ్యగారు మాత్రం దాన్ని భక్తి కింద జమ కట్టాడు. లైనుకీ లైనుకీ మధ్య మన పల్లె ఆత్మలో మౌనంగా ఉంటుందని రెండుసార్లు ప్రసంగం కూడా చేశాడు. జ్ఞానమ్మ వినయంగా తలూపింది. ఆ ఆగడం ఆత్మ కోసం కాదు, దానమ్మ కోసం. ఆ సంగతి జ్ఞానమ్మకు తప్ప భూమ్మీద ఎవరికీ తెలియదు. దానమ్మకైతే అసలే తెలియదు.

దానమ్మ జ్ఞానమ్మకు తోడికోడలు. ఆ ఇంటికి పెద్దకోడలు. వయసులో ఆరేళ్లు పెద్దది, నోటికైతే ఇంకా చాలా పెద్దది. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. నలభై ఎనిమిదేళ్లుగా ఆ గోడ మీదుగా తిట్లు అటూ ఇటూ నడుస్తున్నాయి. కాపురానికొచ్చిన కొత్తలో దానమ్మ గొంతు చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో పేరు మోసింది. తర్వాత పన్నెండేళ్లు పలకల క్వారీలో పనిచేసింది. రాయి పేలినప్పుడు చెవులు మూసుకోవాలంటే చేతులు ఖాళీగా ఉండాలి. నెత్తిన తట్ట ఉన్నవాళ్లకు ఆ వసతి లేదు. ఇరవై ఏళ్ల కిందటికే ఆమెకు వినబడటం దాదాపు ఆగిపోయింది. దానమ్మ మాత్రం ఒప్పుకోదు.

“నా చెవులకేం రోగం? మీరే నోట్లో గులకరాళ్లు పెట్టుకొని గొణుగుతారు” అంటుంది. కొడుకు చెవికి మిషను తెస్తానంటే రెండు పూటలు అన్నం మానేసింది.

చర్చిలో దానమ్మ మొదటి వరసలో చాప మీద కూర్చుని జ్ఞానమ్మ నోటినే చూస్తుంది. నోరు చూసి మాట పట్టుకుంటుంది. ఈ సంగతి గమనించినప్పటి నుంచి జ్ఞానమ్మ లైను విరిచే తీరు మార్చింది. పెదాలు కలిసే మాట దగ్గర ఆపితే దానమ్మకు తేలిగ్గా దొరుకుతుందని కనిపెట్టింది. తను సొంతంగా కట్టిన పాటల్లో లైను చివర అలాంటి మాటే వేసేది. ఆమె కట్టిన వాన పాట ఒకటి ఆ సంఘంలో బాగా నడుస్తుంది:

వాన లేని యేట నన్ను విడువలేదు ప్రభువా
వానొచ్చిన యేట నిన్ను మరువలేదు ప్రభువా

పక్కవాళ్ల నోళ్లు కదిలాకే దానమ్మ మొదలుపెడుతుంది కాబట్టి సంఘం ముగించేసరికి ఆమె ఇంకా చివరి మాట మీద ఉంటుంది. ఆ చివరి మాట చర్చి మొత్తంలో ఆమె గొంతు ఒక్కటే పలుకుతుంది. పేరున్న గొంతు కాబట్టి గొప్ప కోసం సాగదీస్తోందని సంఘం అనుకుంటుంది. చెవులు పోయినా ఆ గొంతు పోలేదు. శ్రుతి ఎలా నిలబడుతోందో ఆమెకే తెలియదు. ఆమె నోరు మూసేదాకా జ్ఞానమ్మ అరచెయ్యి తెరిచే ఉంటుంది. జ్ఞానమ్మకు దానమ్మంటే ఒళ్లు మంట. ఆ గొంతంటే మాత్రం ప్రాణం. వారమంతా తిట్టించుకున్నా ఆదివారం పొద్దున ఆ గొంతు వినబడితే చాలనుకునేది.

దానమ్మకు ఈ వ్యవహారం వేరేగా అర్థమైంది. “మా జ్ఞానమ్మకు మతిమరుపు. తరువాత లైను గుర్తుకొచ్చేసరికి పొద్దు పోతాది” అని ఊరంతా చెప్పేది. ఊరు నమ్మింది. జ్ఞానమ్మ కాదనలేదు. కాదంటే కారణం చెప్పాలి. కారణం చెబితే దానమ్మ ఆ రోజు నుంచి చర్చి గడప తొక్కదు.

ఇలా నడుస్తున్న సంఘంలోకి ఆనంద్ బాబు అభివృద్ధిని తెచ్చాడు.

ఆనంద్ బాబు జ్ఞానమ్మ చెల్లెలు, ఆ పల్లెకే కోడలుగా వచ్చిన రూతమ్మ కొడుకు. బేస్తవారిపేటలో బడిపంతులు, కాపురం మార్కాపురంలో, ‘తొలిచినుకు’ వేదికకు కార్యదర్శి. మంచివాడే. కవిత్వం రాయనప్పుడు ఇంకా మంచివాడు. అతని కవితలో ఒక లైనుకు ఒక మాట ఉంటుంది. కొన్నిసార్లు అర మాటే ఉంటుంది. చుక్కలు మూడేసి, ఆశ్చర్యార్థకాలు రెండేసి వస్తాయి. చదివేవాడు ఆశ్చర్యపోయినా పోకపోయినా అతను మాత్రం ముందుగానే ఆశ్చర్యపోయి ఉంటాడు. లైన్ బ్రేక్ మీద నాలుగు వ్యాసాలు రాశాడు. వాటిని ‘తొలిచినుకు’ వాళ్లే అచ్చు వేశారు, ‘తొలిచినుకు’ వాళ్లే మెచ్చుకున్నారు.

రూతమ్మ పోయిన ఏడాదికి, తల్లి జ్ఞాపకార్థం చర్చికి ప్రొజెక్టరు, తెల్ల తెర, లాప్‌టాప్ తెచ్చిపెట్టాడు. తెర కింద పలక మీద రూతమ్మ పేరు చెక్కించాడు. దాని కింద ‘సమర్పణ: కవి ఆనంద్ బాబు’ అని ఇంకొంచెం పెద్ద అక్షరాల్లో చెక్కించాడు. ఇకమీదట పాటలు తెర మీద పడతాయి, ఎవరూ అందించనక్కర్లేదు అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. చెల్లెలి పేరు మీద వచ్చిన వస్తువును వద్దనడానికి జ్ఞానమ్మకు నోరు రాలేదు.

మొదటి ఆదివారం వాన పాటతోనే ఆరంభం. పెద్దమ్మను గౌరవించాలని ఆనంద్ బాబు ఆ పాటను స్వయంగా పరిష్కరించి తెర మీద వేశాడు:

వాన
లేని యేట...
నన్ను!
విడువ
లేదు... ప్రభువా!!

సంఘమంతా తెర వైపు చూసింది. తెర సంఘం వైపు చూసింది. ఎవరూ నోరు తెరవలేదు. నలభై ఏళ్లుగా ఎవరో ఒకరు లైను చెబితే గాని పాడే అలవాటు లేని జనం. చదువుకున్న పిల్లలు కూడా అక్షరాలు చదువుకున్నారు గాని ఇంకా ఎవరూ చెప్పలేదు కదా అని మర్యాదగా ఆగారు. లాప్‌టాప్ దగ్గర కూర్చున్న ఆనంద్ బాబు, మెల్లగా పాడుకున్నారేమో అనుకుని మీట నొక్కాడు. రెండో లైను వచ్చింది. మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ నొక్కాడు. అలా నాలుగు చరణాల పాట, రెండు వందల మంది ఉన్న చర్చిలో, ఒక్క శబ్దం లేకుండా మొదటి నుంచి చివరిదాకా అయిపోయింది. చివర్లో తెర మీద ‘ఆమేన్!!!’ అని పడింది. దాన్ని మాత్రం అందరూ గట్టిగా అన్నారు. అది ఎవరూ చెప్పకుండానే అనొచ్చని వాళ్లకు తెలుసు.

అయ్యగారు తేరుకుని, ఈ రోజు ప్రభువు మౌన స్తుతి కోరుకున్నాడని చెప్పి ముందుకు నడిపించాడు.

రెండు మూడు వారాల్లో కుర్రకారు మెళకువ పట్టేశారు. తెర మీద పడగానే పాడటం, మీట నొక్కగానే దూకడం. తొమ్మిది నిమిషాల వాన పాట నాలుగు నిమిషాల్లో ముగిసింది. మిగిలిన ఐదు నిమిషాలూ అయ్యగారు ప్రసంగానికి కలుపుకున్నాడు. దానివల్ల సంఘానికి జరిగిన మేలేమిటో ఎవరూ అడగలేదు. పాడేవాళ్లు మాత్రం ఆనంద్ బాబు విరిచిన చోటల్లా విరిచి పాడారు. ‘విడువ’ అని ఊపిరి తీసుకుని ‘లేదు’ అనేవాళ్లు. వినేవాడికి కాసేపు దేవుడి మీద అనుమానం వచ్చి మళ్లీ తీరేది.

దానమ్మకు చదువు రాదు, వినబడదు. చూడటానికి ముందు జ్ఞానమ్మ నోరు లేదు. పక్కవాళ్ల పెదాలు చూసి పట్టుకుందామంటే వాళ్లంతా తల పైకెత్తి తెర చూస్తున్నారు. నాలుగో ఆదివారం వాన పాటకు సంఘమంతా పాడి ఆగిపోయింది. తెర తర్వాతి లైనుకు మారింది. ఆ సందులో ఒంటరిగా, చర్చి కప్పు అదిరేటట్టు, దానమ్మ ‘ప్రభువా’ అంది. పిల్లలు కిసుక్కుమన్నారు. ఒకరిద్దరు పెద్దవాళ్లూ నవ్వారు. నవ్వు ఆమెకు వినబడలేదు. కనబడింది. చుట్టూ ఒకసారి చూసి తల దించుకుంది.

తర్వాతి పాటకు దానమ్మ పెదాలు కదిలాయి గాని గొంతు రాలేదు. జ్ఞానమ్మ ఆ పెదాలనే చూస్తూ కూర్చుంది. సంఘం ఒక పాట పాడుతోంది, ఆ పెదాలు ఇంకేదో పాట పాడుతున్నాయి. జ్ఞానమ్మ లేచింది. మూలన నిలబడి అరచెయ్యి తెరిచి పట్టుకుంది. ఎవరూ అటు చూడలేదు.

మరుసటి రోజే అయ్యగారి ఇంటికి పోయింది.

“అయ్యగారూ, ఆ తెర వద్దయ్యా.”

“ఎందుకు జ్ఞానమ్మా?”

నిజం చెప్పడానికి లేదు. “కండ్లు మంటలు పుడుతుండాయి” అంది.

అయ్యగారు జాలిపడి కంభంలో కంటి శిబిరం ఎప్పుడు పెడతారో కనుక్కుని చెబుతానన్నాడు. పై ఆదివారం జ్ఞానమ్మ తెర పక్కనే నిలబడి నోటితో లైను చెప్పబోయింది. ఆనంద్ బాబు వెనక నుంచి, “పెద్దమ్మా, నీ నీడ పడుతోంది, కొంచెం జరుగు” అన్నాడు. జరిగింది.

ఆ పై ఆదివారం దానమ్మ చర్చికి రాలేదు. మోకాళ్ల నొప్పులంది. ఆ మోకాళ్లతోనే శనివారం దాకా శనగ కోసింది. అయినా ఎవరూ అడగలేదు. గోడ మీదుగా తిట్లు కూడా తగ్గిపోయాయి. అది చూసి జ్ఞానమ్మకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది. రెండు వారాలు అలా పోతే మూడో వారం అలవాటవుతుంది, ఆ తర్వాత ఆ గొంతు ఇక ఎప్పటికీ వినబడదు. అది ఆమెకు స్పష్టంగా తెలుసు. ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

సరిగ్గా అప్పుడే ఆనంద్ బాబు కవితా సంపుటి ఆవిష్కరణ వచ్చింది. సంపుటి పేరు ‘మౌనానికి మూడు చుక్కలు’. పెద్దమ్మను ‘నిరక్షర కవయిత్రి’గా సన్మానించాలని అతనికి ఉబలాటం పుట్టింది. శనివారం మార్కాపురంలో ఒక హాలు తీసుకున్నారు. జ్ఞానమ్మను స్టేజి మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. మార్చి ఎండ. ఆ శాలువాలో ఆమె ఉడికిపోతుంటే, నలుగురు వక్తలు మౌనం గురించి మూడు గంటలు మాట్లాడారు. ఒకాయన ఆనంద్ బాబు కవిత్వంలో తెల్ల కాగితమే అసలు కవిత అన్నాడు. అదే మెచ్చుకోలనుకుని ఆనంద్ బాబు లేచి నమస్కారం పెట్టాడు. చివర అతను ఒక కవిత చదివాడు. పుస్తకంలో ఆ కవిత పేజీన్నర. అతను గుక్క తిప్పకుండా పావు నిమిషంలో చదివేశాడు.

సభ అయ్యాక బస్టాండులో గిద్దలూరు బస్సు కోసం ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. జ్ఞానమ్మ శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని పుస్తకం అడిగింది.

“నువ్వు చదివినావే, అది యాడ ఉండాదో చూపించు నాయనా.”

అతను పేజీ తీసి చూపించాడు. ఆమె అక్షరాలు వదిలేసి వాటి మధ్య తెల్లని చోట్ల మీద వేలు పెట్టింది.

“ఇదేంది, ఇంత సందు ఇడిసినావు?”

“లైన్ బ్రేక్ అంటారు పెద్దమ్మా. అక్కడ ఆగాలి.”

“నువ్వు ఆగలేదే.”

ఆనంద్ బాబు కళ్లద్దాలు సర్దుకున్నాడు. “చదివేవాడు మనసులో ఆగుతాడు. ఆ విరామం పాఠకుడి కోసం.”

“యా పాఠకుడు? పేరేంది?”

“అట్ల పేరు పెట్టి ఉండదు పెద్దమ్మా. ఎవరైనా కావచ్చు.”

“ఎవరో తెలీకుంటే ఎంతసేపు ఆగాల్నో నీకెట్ల తెలుస్తాది?”

నాలుగు వ్యాసాల్లో ఆనంద్ బాబు ఈ ప్రశ్న వేసుకోలేదు. ఎదురుగా ఒంగోలు బస్సు హారన్ కొడితే అటు చూశాడు.

“నేను ఆగేది దానమ్మక్క కోసం” అంది జ్ఞానమ్మ. చెప్పకూడదనుకున్నది చెప్పేసింది. క్వారీ సంగతి, నోరు చూసి పట్టుకునే సంగతి, పెదాలు కలిసే మాట సంగతి, నవ్విన సంగతి, మోకాళ్ల నొప్పుల సంగతి. చెప్పేటప్పుడు ఏడవలేదు గాని శాలువా అంచు నలిపి నలిపి దారాలు తీసింది. “ఇరవై ఏండ్లు దాచినా. ఇది దానమ్మక్క చెవిన పడిందంటే మీ అమ్మ మీద ఒట్టు.”

దానమ్మ చెవిన ఏదీ పడదన్న సంగతి ఇద్దరికీ ఆ క్షణంలో గుర్తు రాలేదు.

ఆనంద్ బాబు కళ్లు మెరిశాయి. కవి కదా. “పెద్దమ్మా, అద్భుతం! దీని మీద ఒక దీర్ఘ కవిత రాస్తా.”

“రాసినావంటే కాళ్లిరగ్గొడతా. కవితొద్దు ఏమొద్దు. ఆ మిషను ఆపు.”

“ఆపితే అమ్మ పేరు ఏం కావాల పెద్దమ్మా? ఊరంతా చూసిందే. ఎందుకాపినావంటే ఏం చెప్పాల?”

బస్సు వచ్చింది. జ్ఞానమ్మ ఎక్కి కిటికీలోంచి చూస్తే అతను పుస్తకం తెరిచి, తను వదిలిన సందులనే చూసుకుంటూ నిలబడి ఉన్నాడు.

మరునాడు ఆదివారం. జ్ఞానమ్మ పొద్దున్నే గోడ దగ్గరికి పోయి, దానమ్మ ఇటు చూసేదాకా ఉండి, నోరు బాగా తెరిచి ఒక్కో మాటా చెప్పింది. “నువ్వు రానప్పటి నుంచి పాట బలే సాగుతుంది అక్కా. ముసలోళ్లు ఇండ్లకాడ ఉండటమే మేలు.”

“ఎవతే ముసల్ది?” అంటూ దానమ్మ కొత్త చీర కట్టుకుని జ్ఞానమ్మ కంటే ముందే చర్చికి చేరింది. మోకాళ్ల మాట మరిచిపోయింది.

ఆరాధన మొదలు కాకముందు ఆనంద్ బాబు లేచి ముందుకొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. పెద్దమ్మ వైపు చూడలేదు.

“అయ్యగారూ, సంఘానికి ఒక మాట. మిషను చెడిపోయింది. లోపల ఫ్యాను తిరగట్లేదు. లైను లైనుకీ చల్లారనీయకపోతే కాలిపోతుంది. అందుకని మొదట మా పెద్దమ్మ లైను చెప్తుంది. మీరు పాడండి. చల్లారినాక నేను తర్వాత లైను వేస్తా. అందరూ పెద్దమ్మనే చూడాల.”

చర్చిలో గుసగుసలు లేచాయి. “కొత్తదని చెప్పినాడే?” అన్నారొకరు. “యాడో పాత సామాను కొట్టులో తెచ్చింటాడులే” అని ఇంకొకరు. “తల్లి పేరు మీద ఇట్లాంటిదా పెట్టేది?” అన్న మాట అందరికీ వినబడేటట్టే వచ్చింది. పలక మీద తన పేరు పెద్ద అక్షరాల్లో చెక్కించుకున్న కవి ఆనంద్ బాబు, అదే పలక పక్కన నిలబడి ఆ మాటలన్నీ విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. మిషను నిక్షేపంగా ఉంది. జ్ఞానమ్మ ఆ సంగతి అతని మొహం చూడగానే గ్రహించింది.

అయ్యగారు మాత్రం వెంటనే అందులోనూ ఒక సందేశం కనిపెట్టాడు. యంత్రమే అలసిపోగా విశ్రాంతి దినం ఎంత అవసరమో అని పావుగంట మాట్లాడాడు.

జ్ఞానమ్మ లేచి ముందు నిలబడింది. తెర మీద వాన పాట పడింది. చుక్కలు లేవు. ఆశ్చర్యార్థకాలు లేవు. లైను మొత్తం ఒక్క లైనుగా ఉంది. ఆమె లైను చెప్పి అరచెయ్యి తెరిచింది. సంఘం పాడి ఆగింది. పాత అలవాటు కొద్దీ ఆనంద్ బాబు మీట నొక్కేశాడు. తెర మారింది. దానమ్మ ఇంకా ‘ప్రభువా’ దగ్గరే ఉంది. జ్ఞానమ్మ చెయ్యి మూయకుండా అతని వైపు ఒక చూపు చూసింది. అతను కంగారుగా వెనక్కి నొక్కాడు.

రెండో లైనుకు అతను తెర చూడటం మానేసి దానమ్మ నోరు చూశాడు. సంఘం ఆగింది. ఆమె గొంతు ఒక్కటే మిగిలింది. చర్చిలో ఎవరూ కదల్లేదు. ‘ప్రభువా’ సాగి, సన్నబడి, ఆగింది. పెదాలు మూశాక కూడా అతను ఒక క్షణం ఉండి అప్పుడు నొక్కాడు. మూడో లైనుకు ఇంకొంచెం ఎక్కువ ఆగాల్సి వచ్చింది, ఆమె ఊపిరి తీసుకుంది. నాలుగో దానికి తక్కువ. ఒక్కో సందు ఒక్కో పొడవు. పుస్తకంలో తను మూడేసి చుక్కలతో వదిలినవన్నీ ఒకే పొడవని అతనికి అప్పుడు తట్టింది. చిన్నప్పుడు తల్లి ఒళ్లో కూర్చుని ఈ గొంతు విన్నాడు. వ్యాసాలు రాసేటప్పుడు మాత్రం ఇది ఎందుకో గుర్తుకు రాలేదు. నాలుగో చరణానికి అతనికి కళ్లు మసకబారి మీట కనబడలేదు. చేత్తో తడుముకుని నొక్కాడు.

పాట తొమ్మిది నిమిషాలు పట్టింది. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి వాళ్లకు ఆనంద్ బాబు మిషను చాలినంత దొరికింది.

ఆరాధన ముగిశాక చెప్పుల దగ్గర దానమ్మ అతన్ని పట్టుకుంది. జ్ఞానమ్మ పక్కనే ఉంది.

“ఏమిరా ఆనందూ, యాడ కొన్నావురా ఆ మిషను?”

ఆనంద్ బాబు ఆమెకు ఎదురుగా తిరిగాడు. నోరు కనబడేటట్టు నిదానంగా చెప్పాడు. “మోసపోయినా పెద్దమ్మా.”

“మోసపోక? ఎప్పుడు చూసినా పుస్తకాల్లో మొకం పెట్టుకోనుంటే ఎవడైనా మోసం చేస్తాడు. ఒంగోలు తీసకపోయి బాగు చేయించు. మా రూతమ్మ పేరు ఉండాది దాని మీద.”

“చూపించినా పెద్దమ్మా. అది ఇంక బాగు కాదంట. ఎన్నాళ్లున్నా ఇట్లనే నడుస్తాదంట.”

దానమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత జ్ఞానమ్మను చూసింది. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ పెద్దగా నిట్టూర్చింది.

“సరిపోయినారు ఇద్దరూ. దీనికేమో లైను గుర్తుండదు, నీకేమో మిషను నడవదు. మీ ఇద్దరి పుణ్యాన పాటంతా నేనొక్కదాన్నే లాగాల్సొస్తుండాది. వచ్చే వారం నుంచి నేను రాకుంటే ఏమయిపోతారో మీరు.”

“అవునక్కా, నువ్వు రావాల్సిందే” అంది జ్ఞానమ్మ.

“వస్తాలేవే” అని దానమ్మ ముందు నడిచింది. వాళ్లిద్దరూ ఆమె వెనక ఇంటి దారి పట్టారు.